కేశకణం స్పైక్ ఇస్తుందా, ఇవ్వదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదువుతున్నారు. లోపలి చెవిలోని కేశకణాలు (తల మీద వెంట్రుకలుండి శబ్దాన్ని పట్టే కణాలు) యాక్షన్ పొటెన్షియల్, అంటే ఉన్నట్టుండి ఎగిసి పడే విద్యుత్ స్పైక్ ఇవ్వవని, శబ్దాన్ని బట్టి వాటి వోల్టేజీ కొద్దికొద్దిగా పెరిగి తగ్గుతుందని పాఠ్యపుస్తకంలో ఉంది. మొన్న ఒక సెమినార్‌లో వక్త మాత్రం అవే కణాలు వరసగా స్పైకులు కొడుతున్న గ్రాఫు చూపించారు. ఎవరిది తప్పు? ఇంకా వినడమే మొదలుపెట్టని కణానికి విద్యుత్తుతో పనేమిటి? ఇదంతా ఆసుపత్రిలో ఎవరికైనా ఉపయోగపడుతుందా?

ఎవరిదీ తప్పు కాదు. పుస్తకం పెద్దయిన కణం గురించి రాసింది, వక్త పసికణాన్ని చూపించారు. పసికణం స్పైకులు కొడుతుంది. అవి మానేస్తేనే దానికి వినడం వస్తుంది. నేను ఇరవై ఏళ్లకు పైగా ప్యాచ్ క్లాంప్ పని, అంటే సన్నని గాజు పిపెట్‌ను ఒక్కో కణానికి ఆనించి దాని విద్యుత్తును కొలిచే పని చేశాను, అందులో ఎక్కువ భాగం చిట్టెలుక పిల్లల చెవులతోనే గడిచింది. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ఐదు రోజుల పిల్ల చెవిలో లోపలి కేశకణం మీద మొదటిసారి పిపెట్ ఆనించి, తెర మీద ఆ స్పైకులు చూసినప్పుడు నేనూ నమ్మలేదు. మన నగరంలో ప్యాచ్ క్లాంప్ చేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, తెర మీద ఏది కదిలినా ముందు ఎర్తింగ్‌ను అనుమానిస్తాం. పక్క అపార్టుమెంటులో బోరు మోటారు వేసినా మాకు తెలిసిపోతుంది. గంటసేపు తీగలన్నీ పీకి మళ్లీ పెట్టాను. కానీ కరెంటు లైను గోల సెకనుకు 50 సార్లు గడియారం కొట్టినట్టు వస్తుంది. ఇది సెకనుకు ఒకటో రెండో, కాసేపు గుంపుగా వచ్చి కాసేపు మౌనంగా ఉంటోంది. చివరికి కణం చచ్చిపోయింది, స్పైకులూ ఆగిపోయాయి. ఎర్తింగ్ దోషం కణంతో పాటు చావదు కదా.

ముందు పెద్దయిన చెవి ఏర్పాటు చూద్దాం. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగమే కాక్లియా, మనిషిలో దాని చుట్టలు విప్పి పరిస్తే 35 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని పొడవునా లోపలి కేశకణాలు ఒకే వరసలో సుమారు 3,500, బయటి కేశకణాలు మూడు నాలుగు వరసల్లో సుమారు 12,000 ఉంటాయి. మెదడుకు కబురు పంపేవి దాదాపుగా లోపలివే. బయటివి పొట్టిగా పొడుగ్గా కదులుతూ కంపనాన్ని పెంచుతాయి. ఏ కణమైనా తల ఒక ద్రవంలో, మొండెం మరో ద్రవంలో ఉంటుంది. తలవైపున్న ఎండోలింఫ్‌లో పొటాషియం లీటరుకు దాదాపు 150 మిల్లీమోల్‌లు. పైగా ఆ ద్రవం చుట్టుపక్కలతో పోలిస్తే ప్లస్ 80 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. లోపలి కేశకణం లోపల సుమారు మైనస్ 55. తల మీది వెంట్రుకలు వంగి చానల్ (కణపు పొరలోని ద్వారం) తెరుచుకున్నప్పుడు పొటాషియాన్ని లోపలికి నెట్టే వోల్టేజీ ఈ రెండింటి మధ్య తేడా, అంటే 135 మిల్లీవోల్టులు.

అపార్టుమెంటులో ఉండేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. పైన ట్యాంకు, కింద సంపు, మధ్యలో మోటారు. ఎండోలింఫ్ ట్యాంకు అయితే, కాక్లియా పక్కగోడ మీది స్ట్రియా వాస్కులారిస్ అనే కణజాలం మోటారు. కేశకణం కొళాయి తిప్పుతుంది, అంతే. నీళ్లు తోడే కష్టం దానిది కాదు. వాడిన పొటాషియం కణం కింది భాగం నుంచి బయటికి జారి, పక్కనున్న సహాయక కణాల గుండా మళ్లీ మోటారు దగ్గరికి చేరుతుంది. ఈ పోలికను గుర్తుంచుకోండి, మందుల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు పసి చెవికి వద్దాం. చిట్టెలుక పుట్టేనాటికి చెవిటిది. సుమారు 12వ రోజుకు గాని దానికి వినపడదు. పుట్టిన రోజున ట్యాంకు కట్టి ఉంటుంది గాని మోటారు నడవదు. ఎండోలింఫ్ వోల్టేజీ మొదటి నాలుగైదు రోజులు చాలా తక్కువగా ఉండి, రెండో వారంలో గబగబా పెరిగి పెద్దల స్థాయికి చేరుతుంది. చెవి రంధ్రం కూడా అప్పటిదాకా మూసుకునే ఉంటుంది. అయినా కణం మాత్రం ఊరుకోదు. పుట్టుకకు ఐదారు రోజుల ముందే దానిలో చిన్న పొటాషియం ప్రవాహాలు కనిపిస్తాయి. ఆ తర్వాత కాల్షియం, సోడియం చానళ్లు వస్తాయి. పుట్టుకకు ఒకటి రెండు రోజుల ముందే అది స్పైక్ కొట్టగలుగుతుంది. వెంట్రుకల కొసన ఉండే యాంత్రిక చానల్ పని చేయడం మొదలయ్యేది పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో. వరస గమనించారా? శబ్దాన్ని పట్టే పరికరం బిగించకముందే స్పైకులు వచ్చేశాయి.

ఆ స్పైకుకు ఇంధనం కాల్షియం. సీఏవీ 1.3 అనే కాల్షియం చానల్ తెరుచుకుంటుంది, లోపలికి వచ్చిన కాల్షియం వోల్టేజీని ఇంకా పెంచుతుంది, దానితో మరిన్ని చానళ్లు తెరుచుకుంటాయి. సోడియం కూడా కొంత తోడవుతుంది. దీన్ని ఆపాల్సిన పొటాషియం చానళ్లు పసికణంలో మందకొడివి, ఆలస్యంగా లేస్తాయి. అందుకే ఈ స్పైకు నాడీకణం స్పైకులా సూదిమొనగా ఉండదు, వెడల్పుగా, బద్ధకంగా ఉంటుంది. కాల్షియం లోపలికి వస్తే కణం అడుగున గ్లూటమేట్ అనే కబురు మోసే రసాయనం విడుదలవుతుంది, ఆ చివరన ఉన్న శ్రవణ నాడి తంతువు కూడా స్పైకులు కొడుతుంది. అలా శబ్దం లేకుండానే కబురు మెదడు దాకా వెళ్తుంది. 1998లో కోర్నె క్రోస్ బృందం ఈ పసి స్పైకులను, వినికిడి వచ్చేటప్పుడు అవి ఆగిపోయే తీరును చూపించింది. ఆ బాటలోనే వాల్టర్ మార్కొట్టీ రోజు రోజుకూ ఏ ప్రవాహం వస్తోందో, ఏది పోతోందో కొలిచారు. ఓపిక కావాల్సిన పని. ఒక్కో రోజు వయసు పిల్లల్లో పదుల కణాలు పట్టుకోవాలి.

మరి ఎందుకీ గోల? వినాయక చవితికి ముందు రోజు ఖైరతాబాద్ వైపు వెళ్లారా ఎప్పుడైనా? పాడేవాళ్లు ఇంకా రాలేదు, భక్తులు రాలేదు, కానీ సౌండ్ సిస్టమ్ అబ్బాయి ఒక్కో మైకు తట్టుకుంటూ పోతాడు. ఏ మైకు తడితే ఏ స్పీకరు పలుకుతోందో చూసుకుంటాడు. పసి కాక్లియాలో జరిగేది దాదాపు ఇదే. కేశకణాల పక్కన కోలికర్ అవయవం అని ఒక తాత్కాలిక కణజాలం ఉంటుంది. దానిలోని సహాయక కణాలు, మామూలుగా కణం శక్తికి వాడుకునే ఏటీపీ అనే అణువును ఉండి ఉండి బయటికి వదులుతాయి. ఆ చుట్టుపక్కల ద్రవంలో పొటాషియం పెరిగి, దగ్గరున్న కేశకణాల గుంపు ఒకేసారి ఉలిక్కిపడి స్పైకులు కొడుతుంది. ఇందులో ఏటీపీ పాత్రను 2007లో నికొలా ట్రిచ్, డ్వైట్ బెర్గిల్స్ బృందం బయటపెట్టింది. పక్కపక్కన ఉన్న కణాలు పెద్దయ్యాక పక్కపక్క స్వరాలను వింటాయి. అవి కలిసి కొడితే, వాటి తంతువులు మెదడులో కూడా పక్కపక్కనే స్థిరపడటానికి వీలవుతుంది. ఈ అలలు కాక్లియాలో పుట్టి శ్రవణ వల్కలం (మెదడు పైపొరలో వినికిడి భాగం) దాకా వెళ్లడం బతికున్న చిట్టెలుక పిల్లల్లోనే చూశారు.

తట్టే చేతిని ఆపే చేయి కూడా ఉంది, నాకు మరీ ఇష్టమైన భాగం ఇది. మెదడు కాండం నుంచి కొన్ని తంతువులు వెనక్కి వచ్చి పసి లోపలి కేశకణాన్ని నేరుగా తాకుతాయి. అవి అసిటైల్‌కోలిన్ అనే ఇంకో కబురు రసాయనాన్ని వదులుతాయి. దాన్ని అందుకునే గ్రాహకం కాల్షియాన్ని లోపలికి వదలడం వింతే, అది ఉత్తేజం కలిగించాలి కదా! కానీ ఆ కాల్షియం పక్కనే ఉన్న ఎస్‌కే 2 అనే పొటాషియం చానల్‌ను తెరుస్తుంది, ఫలితంగా కణం చప్పబడుతుంది. ఎలిజబెత్ గ్లొవాట్జ్‌కి, పాల్ ఫక్స్ 2000లో దీన్ని రికార్డు చేశారు. ఈ గ్రాహకం లేని చిట్టెలుకల్లో స్పైకులు ఆగిపోవు, వాటి గుంపుల లయ మారుతుంది. అంతమాత్రానికే మెదడు కాండంలో స్వరాల పటం పదును తగ్గింది. ఎన్ని స్పైకులు అన్నదే కాదు, ఏ లయలో అన్నది కూడా మెదడు పట్టించుకుంటోందన్నమాట.

ఒక వివాదం మీరు తెలుసుకోవాలి, లేకపోతే వ్యాసాలు చదివేటప్పుడు తికమకపడతారు. స్పైకులను పుట్టించేది ఏటీపీయే అని ఒక పక్షం. కణం తనంతట తానే కొడుతుంది, ఏటీపీ, అసిటైల్‌కోలిన్ దాని లయను మారుస్తాయంతే అని రెండో పక్షం. నా అనుభవంలో సహాయక కణాలు చాలావరకు తీసేశాక కూడా కణం కొట్టడం చూశాను. కాబట్టి నేను రెండో పక్షానికి కొంచెం దగ్గర. అయితే గుంపు గుంపుగా ఒకేసారి కొట్టడానికి మాత్రం పక్కవాళ్ల సాయం తప్పదు. మైకు తనంతట తాను గరగరమంటుంది, కానీ పది మైకులు కలిసి మోగాలంటే ఎవరో తట్టాల్సిందే.

ఇక 12వ రోజు. ఆ రోజు దగ్గర రెండు కొత్త పొటాషియం చానళ్లు కణంలోకి వస్తాయి. ఒకటి బీకే, పేరుకు తగ్గట్టే పెద్ద ద్వారం, మెరుపువేగంతో తెరుచుకుంటుంది. రెండోది కేసీఎన్‌క్యూ 4, కణం విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా తెరిచే ఉంటుంది. ఇక కాల్షియం వోల్టేజీని ఎగదోయబోతే పొటాషియం వెంటనే కిందికి లాగేస్తుంది. స్పైకు పుట్టే వీలు లేదు. అదే సమయంలో కాల్షియం ప్రవాహం కూడా తగ్గుతుంది. మెదడు నుంచి వచ్చిన తాత్కాలిక తంతువులు లోపలి కేశకణాన్ని వదిలేస్తాయి. కోలికర్ అవయవం కుంచించుకుపోతుంది. మండపంలో మైకు టెస్టింగ్ అయిపోయింది, అబ్బాయి దిగిపోయాడు.

స్పైకులు పోవడం నష్టంలా కనిపిస్తుంది. కాదు. ఒక చిన్న లెక్క వేసి చూడండి. కణపు పొర ఒక కెపాసిటర్, దాన్ని 10 పికోఫారడ్‌లు అనుకుందాం. పసికణంలో విశ్రాంతి వేళ తెరిచి ఉన్న చానళ్లు కొద్ది, నిరోధం 1 గిగాఓమ్ అనుకుందాం. రెండింటినీ గుణిస్తే 10 మిల్లీసెకన్లు. వోల్టేజీ మారడానికి ఆ కణానికి అంత సమయం పడుతుంది. సెకనుకు 500 సార్లు ఊగే స్వరంలో ఒక్కో ఊపు 2 మిల్లీసెకన్లే, పసికణం దాన్ని ముద్దగా కలిపేస్తుంది. కొత్త పొటాషియం చానళ్లు వచ్చి నిరోధం 50 మెగాఓమ్‌లకు పడిందనుకోండి, అదే గుణకారం 0.5 మిల్లీసెకను ఇస్తుంది. చిల్లులు ఎక్కువైన కుండలో నీటిమట్టం పోస్తున్నంతసేపే నిలుస్తుంది, ఆపగానే దిగిపోతుంది. వినే కణానికి కావలసింది సరిగ్గా ఇలా కారే కుండే. స్పైకుకు ఇంకో లోపం ఉంది, అది వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే రాదు. గుసగుసకూ గావుకేకకూ మధ్య ఉన్న మెట్లన్నీ కణం వోల్టేజీలో పలకాలంటే స్పైకును వదులుకోక తప్పదు. లెక్క సులువుగా ఉండాలని గుండ్రటి అంకెలు వేశాను, పరీక్షలో ఇవే అసలు కొలతలని రాయకండి.

బీకే చానల్‌కు ఇంకో జీవిలో ఇంకో పని ఉంది. తాబేలు చెవిలో కాల్షియం, బీకే చానళ్లు ఒకదాన్నొకటి లాగుకుంటూ, ఒక్కో కణం ఒక్కో స్వరానికి ఊగేలా చేస్తాయి. కణం ఇలా తన స్వరానికి ఊగడాన్ని ఆండ్రూ క్రాఫోర్డ్, రాబర్ట్ ఫెట్టిప్లేస్ 1981లో వివరించారు. క్షీరదాలు ఆ దారిన పోలేదు. మనలో స్వరాల విభజన కేశకణాల కింద ఉండే పొర కంపనానికి, బయటి కేశకణాల కదలికకు వదిలేసి ఉంది. బయటి కణాల్లో కేసీఎన్‌క్యూ 4 కాస్త ముందే, 8వ రోజు దగ్గర వస్తుంది. వాటిని కదిలించే ప్రెస్టిన్ అనే ప్రోటీను కూడా ఆ రెండు వారాల్లోనే వాటిలో నిండుతుంది. వాటి గురించి ఇంతకంటే రాస్తే మీ ప్రశ్న దాటిపోతాం.

12వ రోజు మార్పుకు గంట కొట్టేది ఎవరు? ఒక్కరని చెప్పలేం గాని, థైరాయిడ్ హార్మోను అందులో ముఖ్యమైంది. థైరాయిడ్ హార్మోను గ్రాహకాల్లో బీటా రకం లేని చిట్టెలుకల్లో ఆ వేగవంతమైన పొటాషియం ప్రవాహం సమయానికి రాదు. థైరాయిడ్ లోపంతో పుట్టిన ఎలుక పిల్లల్లో కణాలు చెవి తెరుచుకున్నాక కూడా పసితనంలోనే ఉండిపోయి స్పైకులు కొడుతుంటాయి. ఆ కొద్ది రోజుల్లో హార్మోను ఇస్తే సర్దుకుంటుంది, గడువు దాటాక ఇస్తే పూర్తిగా కోలుకోదు. అయోడిన్ దొరకని ప్రాంతాల్లో పుట్టుకతో థైరాయిడ్ లోపం, చెవుడు కలిసి కనిపించడం వెనుక ఇదొక కారణం. మన వంటింట్లో అయోడిన్ ఉప్పు పొట్లాం చూసినప్పుడు నాకు గొంతు వాపు కంటే ముందు ఈ చానలే గుర్తుకొస్తుంది. వృత్తి దోషం.

మనిషిలో ఇదంతా కడుపులోనే ముగుస్తుంది. గర్భం సుమారు 19, 20 వారాలప్పుడు శిశువు కొన్ని మంద్ర స్వరాలకు కదలడం మొదలవుతుంది, 28 వారాలకు స్పందన స్థిరపడుతుంది. అంటే చిట్టెలుకలో పుట్టాక జరిగే మైకు టెస్టింగు మనలో గర్భం మొదటి సగంలో, కాస్త అటూ ఇటూగా జరిగి ఉండాలి. ఈ మాట చెప్పగానే క్లాసులో ఎవరో ఒకరు అభిమన్యుడి పేరు ఎత్తుతారు. వినడం వరకు నాకు అభ్యంతరం లేదు, నెలలు నిండినకొద్దీ తల్లి గొంతు శిశువుకు చేరుతుంది. పద్మవ్యూహం అర్థమవడం వేరే శాఖవాళ్ల పని.

ఆసుపత్రి సంగతి అడిగారు. ముందు ట్యాంకు మోటారు గుర్తు చేసుకోండి. ఫ్యూరోసెమైడ్ అనే మూత్రం మందు ఎక్కువ మోతాదులో నేరుగా స్ట్రియా మీద పడి ఎండోలింఫ్ వోల్టేజీని దించేస్తుంది, చాలాసార్లు తాత్కాలికంగానే. జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు ఇంకో దారిన వస్తాయి. అవి వెంట్రుకల కొసన ఉన్న యాంత్రిక చానల్ గుండానే కణంలోకి దూరి, దాన్ని చంపేస్తాయి. క్షీరదాల్లో చచ్చిన కేశకణం తిరిగి మొలవదు. ఈ రెండు మందులూ కలిసి పడితే ప్రమాదం ఎక్కువ. నెలలు నిండని శిశువుల విభాగంలో వీటిని వాడక తప్పని సందర్భాలు ఉంటాయి, ప్రాణం ముందు. కానీ అలాంటి బిడ్డకు వినికిడి పరీక్ష తర్వాత మళ్లీ చేయించాల్సిందేనని తల్లిదండ్రులకు చెప్పాలి.

రెండోది, ఓఏఈ పరీక్ష (చెవి తిరిగి వినిపించే సన్నని శబ్దాన్ని కొలిచేది) బాగుంది, బెరా (శబ్దానికి శ్రవణ నాడి, మెదడు కాండం ఇచ్చే విద్యుత్ స్పందనను కొలిచేది) మాత్రం రాలేదు అనే రిపోర్టు. ఓఏఈ చెప్పేది బయటి కేశకణాల కదలిక గురించి మాత్రమే. లోపలి కణం నుంచి నాడి దాకా కబురు వెళ్లిందో లేదో బెరా చెబుతుంది. లోపలి కేశకణంలో ఓటోఫెర్లిన్ ప్రోటీను లోపిస్తే వోల్టేజీ మారుతుంది, కాల్షియం వస్తుంది, గ్లూటమేట్ మాత్రం బయటికి సరిగా పోదు. పుట్టిన కొత్తలో కామెర్లు బాగా ముదిరినా ఇలాంటి చిత్రమే కనిపించవచ్చు, అక్కడ దెబ్బ ఎక్కువగా నాడి మీద. కాబట్టి ఓఏఈ ఒక్కటే చూసి అంతా బాగుందని ఇంటికి పంపకూడదు, ముఖ్యంగా ప్రమాద సూచనలున్న పిల్లల్ని. ఓటోఫెర్లిన్ జన్యువును వైరస్‌తో లోపలికి పంపే చికిత్స ఫలితాలను 2024 జనవరిలో చైనా వైద్యులు ప్రచురించారు. ఆరుగురు పిల్లల్లో ఐదుగురికి వినికిడి మెరుగైంది. కణం బతికే ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

మూడోది మీ స్నేహితుల్లో డాక్టర్లుంటే తప్పక చెప్పండి. స్ట్రియా పొటాషియాన్ని పైకి తోడే చానల్, గుండె కణం కొట్టుకున్న ప్రతిసారీ మళ్లీ సర్దుకోవడానికి వాడే చానల్ ఒకటే, కేసీఎన్‌క్యూ 1. దాని జన్యువు రెండు ప్రతుల్లోనూ చెడితే బిడ్డకు పుట్టు చెవుడుతో పాటు ఈసీజీలో క్యూటీ విరామం (గుండె కొట్టుకుని సర్దుకునే సమయం) పొడవుగా ఉంటుంది, ఉన్నట్టుండి స్పృహ తప్పవచ్చు. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగే నీల్సన్ వర్ణించిన జబ్బు ఇది. మేనరికాలు ఉన్న మన కుటుంబాల్లో దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. పుట్టు చెవుడున్న బిడ్డ పరుగెత్తుతూ పడిపోతోందంటే ఫిట్స్ అని సరిపెట్టకుండా ఒక్క ఈసీజీ తీయించాలి, కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు ముందైతే తప్పనిసరిగా. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఓపీలో ఒక ఉదయం కూర్చుని చూడండి, చానళ్ల పేర్లు కంఠస్థం చేయడం కంటే ఎక్కువ నేర్చుకుంటారు.

చివరగా, ఇలాంటి గ్రాఫు మళ్లీ కనిపిస్తే మూడు విషయాలు వెతకండి. పిల్ల వయసు ఎన్ని రోజులు, ద్రవంలో కాల్షియం ఎంత, ఉష్ణోగ్రత ఎంత. కాల్షియం కొంచెం మారినా స్పైకుల వేగం మారిపోతుంది. గది ఉష్ణోగ్రత అని వ్యాసాల్లో రాస్తే విదేశీ ల్యాబుల్లో అది 20 నుంచి 25 డిగ్రీలు. ఒక మే నెలలో మా గదిలో ఏసీ చెడి 36 డిగ్రీలకు చేరింది. ఆ మధ్యాహ్నం కణాలు మామూలు కంటే చాలా చురుగ్గా కొట్టాయి. నోట్‌బుక్‌లో ఉష్ణోగ్రత రాసుకోకపోయి ఉంటే ఏదో కొత్త విషయం కనిపెట్టామని పొంగిపోయేవాళ్లం. మీ వక్త స్లయిడు దొరికితే ఒక మూల చూడండి, చిన్న అక్షరాల్లో పీ 5 అనో పీ 6 అనో, అంటే పుట్టాక ఐదో రోజనో ఆరో రోజనో ఉండి ఉంటుంది.